చీకటి గదికి ప్లాస్టిక్ ఆకులెందుకు?

షోలాపూర్ జోడ్‌భావి పేటలో ఏ ఇంటికి చేపల తొట్టి వచ్చినా దాని వెనకే ఒక తీర్పు కూడా వస్తుంది. "మన ఇళ్లల్లో మొక్కలు బతకవు, ప్లాస్టిక్‌వి పెట్టుకోండి." తొట్టి అమ్మినవాడు ఆ మాటే అంటాడు. చూడవచ్చిన మేనమామ అదే అంటాడు. ఒకప్పుడు నాలుగు కాడలు నాటి, అవి కుళ్లితే తీసి పారేసిన పక్కింటాయన మరింత గట్టిగా అంటాడు. ఎందుకని అడిగితే కారణాలు వరసగా వస్తాయి. గదిలో వెలుతురు చాలదు, నీళ్లు ఉప్పన, ఎండాకాలం భరించలేం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పైగా మొక్కలంటే గ్యాస్ సిలిండరు, విదేశీ మట్టి, వేల రూపాయల లైట్లు. అంతా విన్నాక తేలేదేమిటంటే, అది పుణె ఫ్లాట్లలో ఉండేవాళ్ల షోకు, సాంచాల (మరమగ్గాల) మీద బతికేవాళ్లకు కుదరదు.

ఈ కారణాల్లో ఒక్కొక్కదానిలో కొంత నిజం ఉంది. వాటినుంచి తీసిన తీర్పు మాత్రం తలకిందులు. ఉప్పు నీళ్లు, వేడి, కరెంటు కోత ఉన్నచోట ముందు చేపలు బతకడమే కష్టం. ఆ కష్టాన్ని కొంతైనా తగ్గించేవి ప్రాణమున్న మొక్కలే. అన్ని వసతులూ ఉన్న ఇంట్లో మొక్క అలంకారమైతే కావచ్చు, మన పేటలో మాత్రం దానికి పని ఉంది.

వెలుతురు సంగతి మొదట చూద్దాం. పేటలో ఇళ్లు ఎలా ఉంటాయో కొత్తగా చెప్పక్కర్లేదు. సన్న గల్లీ, గోడకు గోడ ఆనుకుని ఇంకో ఇల్లు, ముందు గదికి ఒక కిటికీ, వెనక సాంచాల షెడ్డు, పైన రేకులు. మధ్య గదిలో పట్టపగలే ట్యూబ్‌లైటు వేసుకుంటాం. అక్కడ తులసి బతకదు, గులాబీ బతకదు. ఆ అనుభవాన్నే నీటి మొక్కలకు కూడా అంటగట్టేశాం. నీళ్లలో పెరిగే మొక్కల లెక్క వేరు. పైనపడ్డ వెలుతురులో కొంత నీటి పైపొరే తిప్పికొడుతుంది, లోతుకు పోయినకొద్దీ మిగిలింది కూడా తగ్గిపోతుంది, నీళ్లు బురదగా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అలాంటిచోట తరతరాలుగా బతుకుతున్న జాతులున్నాయి. అనూబియాస్ పశ్చిమ ఆఫ్రికా అడవుల్లో చెట్ల నీడన, వాగుల పక్క రాళ్లను పట్టుకుని పెరుగుతుంది. జావా ఫెర్న్ ఆగ్నేయాసియా అడవి వాగులది. దుకాణాల్లో క్రిప్ట్ అని పిలిచే క్రిప్టోకొరైన్‌లలో ఎక్కువగా దొరికే వెండ్టీ శ్రీలంక నుంచి వచ్చింది. దాని దగ్గరి చుట్టం రెట్రోస్పైరాలిస్ మన పడమటి కనుమల నీళ్లలోనే ఉంది. ఇవన్నీ నీడ కోరే మొక్కలు. వీటిని తెచ్చి కిటికీ ఎండలో పెడితేనే ఆకుల మీద పాచి పట్టి పాడవుతాయి.

ఇక హైడ్రిల్లా. బడిలో గరాటు కింద ఉంచి, మీద పరీక్షనాళిక బోర్లించి, బుడగలు చూపించిన ఆ నాచే. పూర్తి ఎండలో నూటికి ఒక వంతు వెలుతురున్నా తన తిండి తాను చేసుకోగలదు. దీన్ని 1950ల్లో అమెరికాలోని ఫ్లారిడాకు చేపల తొట్ల కోసమే దిగుమతి చేసుకున్నారు. అది తొట్లు దాటి కాలువల్లోకి, సరస్సుల్లోకి పోయి పడవ కదలనంతగా అల్లుకుంది. దాన్ని అదుపు చెయ్యడానికి అక్కడి ప్రభుత్వాలు దశాబ్దాలుగా కోట్ల డాలర్లు పోస్తున్నాయి. అంత డబ్బు పోసినా వాళ్లు చంపలేకపోయిన మొక్కను మనం బతికించలేమని భయపడుతున్నాం!

సిలిండరు, మట్టి, లైట్ల మాట ఎక్కడిదో తెలిస్తే ఆ భయం సగం పోతుంది. జపాన్‌లోని నీగతాకు చెందిన తకాషి అమానో మంచి ఫొటోగ్రాఫరు. 1982లో తన కంపెనీ పెట్టి, 1990ల్లో తన తొట్ల ఫొటోల పుస్తకాలతో ప్రపంచాన్ని ఆకట్టుకున్నాడు. అడుగున పచ్చగా పరుచుకున్న చిట్టి మొక్కలు, ఎర్రటి కాడలు, మధ్యలో రాళ్లు. నిజంగానే అద్భుతం, దానిమీద నాకు ఏ కోపమూ లేదు. అయితే ఆ మొక్కలు అంత ఒత్తుగా, అంత త్వరగా పెరగాలంటే లైటు బలంగా ఉండాలి. లైటు పెంచితే కార్బన్ డయాక్సైడు పెంచాలి, అది పెంచితే ఎరువు పెంచాలి. ఈ మూడింటి ముడి అందరికీ తెలుసు. దాన్ని వెనక్కి తిప్పి చూసినవాళ్లే తక్కువ. లైటు తగ్గిస్తే మిగతా రెండింటి అవసరం కూడా తగ్గుతుంది. సిలిండరు పెట్టిన తొట్టి నీళ్లలో లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడు ఉంటుంది, మామూలుగా గాలి నుంచి కరిగేది అర మిల్లీగ్రాము చిల్లర. నెలకు ఒకటి రెండు ఆకులు వేసే అనూబియాస్‌కు ఆ అర మిల్లీగ్రాము, చేపలు వదిలే ఊపిరి చాలు. అమానో తొట్టిని చూసి మొక్కలు మనవల్ల కావనుకోవడం, పైఠణీ చీర నేత చూసి తువ్వాలు నెయ్యడం మనకు రాదనుకోవడం లాంటిది.

సిలిండర్లు లేని రోజుల్లో, అసలు కరెంటు దీపాలే లేని రోజుల్లో ఈ విద్య పుట్టింది. లండన్ అపోథెకరీస్ హాల్‌లో రసాయన శాస్త్రవేత్తగా ఉన్న రాబర్ట్ వారింగ్టన్ 1849–50లో ఒక ప్రయోగం చేశాడు. 12 గ్యాలన్లు, అంటే సుమారు 54 లీటర్లు పట్టే గాజు పాత్ర తీసుకుని సగం దాకా నీళ్లు నింపాడు. మన దుకాణాల్లో అమ్మే రెండడుగుల తొట్టి కూడా ఇంచుమించు అంతే పడుతుంది. అడుగున ఇసుక, బురద వేసి వాలిస్నేరియా నాటాడు. రెండు చిన్న బంగారు చేపలు వదిలాడు. కొన్నాళ్లకు ముదురాకులు కుళ్లి నీళ్లు మసకబారాయి, పాచి పట్టింది. అతను మొక్క పీకి పారెయ్యలేదు, నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకు తిన్నాయి, నీళ్లు తేటపడ్డాయి. లండన్ గాలిలోని మసి పడకుండా, గాలి మాత్రం ఆడేలా పాత్ర మీద పలచటి నూలు గుడ్డ కప్పాడు. పంపు లేదు, ఫిల్టరు లేదు, పొగ కమ్మిన లండన్ ఆకాశమే వెలుతురు. అక్వేరియం అనే ఆలోచనకే పునాది వేసిన ఈ తొట్టి, మన దుకాణాల లెక్క ప్రకారమైతే నిలవకూడదు మరి.

నీళ్ల విషయానికి వస్తే, ఉప్పు నీళ్లలో మొక్కలు బతకవనే మాట నాకు అన్నిటికన్నా వింతగా అనిపిస్తుంది. షోలాపూర్ బోరు నీళ్లు గిన్నెలకు తెల్లటి పొర కడతాయి, నిజమే. ఆ కఠిన జలంలో బైకార్బొనేటు నిండుగా ఉంటుంది. వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ లాంటివి కార్బన్ డయాక్సైడు తక్కువైనప్పుడు ఆ బైకార్బొనేటు నుంచే కార్బన్ లాక్కుంటాయి. సిలిండరు కొనాలని చెప్పేవాళ్లు మన బోరు నీళ్లలో ఊరికే వస్తున్నదాన్ని చూడటం లేదు. జావా ఫెర్న్‌కు, జావా మాస్‌కు ఈ విద్య రాదు, అవి నెమ్మదిగానే నెట్టుకొస్తాయి.

అసలు భయపడాల్సింది ఇంకొకటుంది, దాని గురించి దుకాణంలో ఎవరూ మాట్లాడరు. చేపలు మొప్పల ద్వారా అమోనియా వదులుతాయి. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి దాదాపు హాని లేని అమోనియం, రెండోది విషం. నీళ్ల పీహెచ్ 7 దగ్గర ఉంటే విషపు వాటా నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే అది సుమారు పదింతలవుతుంది, నీళ్లు వేడెక్కినకొద్దీ ఇంకా పెరుగుతుంది. క్షారం ఎక్కువైన నీళ్లు, పైన షోలాపూర్ ఎండ. చేపకు ఇంతకన్నా చెడ్డ జోడీ ఉండదు. ఆ అమోనియాను మొక్కలు తిండిగా తీసుకుంటాయి. నైట్రేటు కన్నా అమోనియం దొరికితే దానివైపే మొగ్గుతాయి. ప్లాస్టిక్ ఆకు మీద కూడా అమోనియాను తినే బాక్టీరియా కొంత పెరుగుతుందని వాదించేవాళ్లున్నారు. పెరుగుతుంది, గులకరాయి మీదా పెరుగుతుంది. ఆ మాత్రానికి రంగు వేసిన ఆకు కొనడం దేనికి?

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. ఈ శుభ్రం చేసే పని అనూబియాస్ వల్ల పెద్దగా జరగదు, అది మరీ నిదానం. పని చేసేవి హైడ్రిల్లా, హార్న్‌వర్ట్, వాలిస్నేరియా, పైన తేలే అంతరతామర. తేలే మొక్కకు గాలి నేరుగా అందుతుంది, బల్బు దగ్గరగా ఉంటుంది. అందుకని అందానికి ఒక రాయి మీద అనూబియాస్, పనికి ఒక గుప్పెడు నాచు. రెండూ ఉండాలి. అందంగా ఉందని అనూబియాస్ ఒక్కటే పెట్టి, చేపలు చచ్చాక మొక్కల్ని తిట్టడం న్యాయం కాదు.

కరెంటు పోతే ఏమవుతుంది? ఫిల్టరులోని బాక్టీరియాకు ఆక్సిజన్ అందుతున్నంతసేపే పని జరుగుతుంది. పంపు గంటల తరబడి ఆగితే అవి చావడం మొదలవుతుంది, కరెంటు రాగానే ఆ మురికి నీళ్లే తొట్టిలోకి వస్తాయి. 2000ల్లో మహారాష్ట్ర లోడ్‌షెడ్డింగ్ చూసినవాళ్లకు సాంచాలు ఆగిన మధ్యాహ్నాలు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు అంత లేదు, అయినా పోతూనే ఉంటుంది. పగటిపూట పోతే, కిటికీ నుంచి వచ్చే కాస్త వెలుతురుతోనే మొక్కలు తమ పని సాగిస్తాయి. కరెంటు నమ్మకంగా లేని ఇంట్లో కరెంటు మీదే ఆధారపడ్డ ఫిల్టరొక్కదాన్నే నమ్ముకోమనడం ఏం సలహా?

కుళాయి నీళ్లు కూడా మనకు రోజూ రావు. నాలుగైదు రోజులకోసారి వచ్చినప్పుడు డ్రమ్ములు, ట్యాంకీలు నింపుకుంటాం. ఈ బాధలోంచే తొట్టికి ఒక లాభం ఉంది. మూత తీసి ఒకటి రెండు రోజులు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, దాన్ని పోగొట్టే మందు కొనే పని తప్పుతుంది. ప్లాస్టిక్ తొట్లవాళ్లు వారం వారం నీళ్లన్నీ పారబోసి, ఆకుల్ని సబ్బు పెట్టి తోమి, మళ్లీ 50 లీటర్లు నింపడం నేను చూస్తూనే ఉన్నాను. నీటి కరువున్న ఊళ్లో అది దుబారా, చేపలకైతే ప్రతిసారీ గండం. మొక్కలున్న తొట్టిలో నాలుగో వంతు మారిస్తే సరిపోతుంది. తీసిన నీళ్లు తులసి కోటకు పనికొస్తాయి.

వేడి విషయంలో మాత్రం ఎదుటివాళ్ల మాటను కొట్టిపారెయ్యలేను. వేసవిలో షోలాపూర్‌లో 42, 43 డిగ్రీలు మామూలే, రేకుల కింద ఇంకా ఎక్కువ. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే కరుగుతుంది. జావా మాస్‌కు 28 దాటితే ఇబ్బంది, మే నెలలో గోధుమరంగుకు తిరుగుతుంది. మన పేటలో దానికి నేను ఓటెయ్యను. వాలిస్నేరియా, హైడ్రిల్లా, అనూబియాస్ తట్టుకుంటాయి. తొట్టి మూతను కాస్త ఎత్తి చిన్న ఫ్యాను నీళ్ల మీదకు తిప్పితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు బోరు నీళ్లు పోస్తూ పోతే ఉప్పు పేరుకుంటుంది కాబట్టి ఇంట్లో ఆర్వో ఫిల్టరు నీళ్లుంటే అవి పోయాలి. చేపల ఎంపికలో కూడా తెలివి చూపాలి. గౌరామి, ఫైటర్ పైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తాయి, అవి మన ఎండలకు సరిపోతాయి. బంగారు చేపకు చల్లటి నీళ్లు కావాలి, చోటు కావాలి, పైగా మెత్తటి మొక్క కనబడితే కొరికేస్తుంది. చిన్న తొట్టికి దాన్ని అంటగట్టేవాళ్లే ఆ తర్వాత మొక్కలు పనికిరావంటారు.

రాత్రిపూట మొక్కలు చేపల ఆక్సిజన్ తినేస్తాయన్న వాదన కూడా ఇందులోనే కలుస్తుంది. మొక్క రాత్రి ఊపిరి పీల్చేది నిజం. తొట్టి నిండా కుక్కిన నాచు, మే నెల రాత్రి, పంపు లేదు, చేపలు ఎక్కువ అంటే తెల్లారేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అయితే అక్కడ ఆక్సిజన్‌ను ఎక్కువగా తినేది అడుగున కుళ్లుతున్న మేత, దానిమీది బాక్టీరియా, లెక్కకు మించిన చేపలు. నాచును అప్పుడప్పుడు కత్తిరించి, మేత తగ్గించి, రాత్రి చిన్న ఎయిర్ పంపు పెడితే ఈ బెడద ఉండదు. ప్లాస్టిక్ తొట్టిలో అయితే ఆక్సిజన్ తినేవాళ్లు అందరూ ఉంటారు, పగలు ఇచ్చేవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు.

"నేను పెట్టాను, కుళ్లిపోయింది" అనే పక్కింటాయన మాటకు జవాబు చెప్పకుండా దాటెయ్యలేం. ఎందుకు కుళ్లింది? చాలాసార్లు ఆయనకు అమ్మింది నీటి మొక్కే కాదు. లక్కీ బాంబూ, సింగోనియం లాంటి నేల మొక్కల్ని నీళ్లలో ముంచి అమ్మే అలవాటు ఉంది. మునిగిన నేల మొక్క కొన్ని వారాలు నిలబడి కుళ్లుతుంది. నిజంగా నీటి మొక్కే అయినా, నర్సరీలో ఆకులు గాలిలో ఉంచి పెంచిన క్రిప్ట్‌ను నీళ్లలో ముంచగానే పాత ఆకులు జారిపోతాయి. వేరు బతికే ఉంటుంది, కొన్ని వారాల్లో నీటికి తగ్గ కొత్త ఆకులు వేస్తుంది. మన ఓపిక అంతదాకా ఆగదు, మొక్కను చెత్తబుట్టలో వేస్తాం. ఇక అనూబియాస్, జావా ఫెర్న్‌ల దుంపను ఇసుకలో పూడ్చితే అది కుళ్లక మానదు. దాన్ని రాయికి కట్టాలి. కట్టడానికి ఏం వాడాలని దుకాణంలో అడిగితే ఏదో జిగురు ట్యూబు చూపిస్తారు. నేతగాళ్ల పేటలో జిగురు కొనడమా! రంగు వెయ్యని నూలు పోగు రెండు చుట్లు చుడితే చాలు. నూలు నీళ్లలో నెమ్మదిగా శిథిలమవుతుంది, అది తెగేలోపు వేళ్లు రాయిని పట్టుకుంటాయి. రంగు పోగు మాత్రం వద్దు.

మన ఇళ్లకే ప్రత్యేకమైన బెడదలు వేరే ఉన్నాయి, వాటి గురించి ఏ పుస్తకమూ చెప్పదు. సాంచాల నుంచి లేచే దూది నూగు నీటి మీద పొరలా పరుచుకుని గాలి ఆడనివ్వదు. ఆడవాళ్లు బీడీలు చుట్టే ఇళ్లలో పొగాకు పొడి ఇంకా ప్రమాదం. కొన్ని దేశాల్లో చేపల చెరువుల్లో పనికిరాని చేపల్ని చంపడానికి పొగాకు పొడినే చల్లుతారు. కాబట్టి బీడీల చేట దగ్గర తొట్టి పెట్టకూడదు, పెట్టినా మూత ఉండాలి. వారింగ్టన్ కప్పిన పలచటి నూలు గుడ్డ ఇక్కడా పనికొస్తుంది, మనకది కొననక్కర్లేదు. షెడ్డు గోడకు ఆనించి పెడితే సాంచాల అదురు తొట్టికి తగులుతుంది, ఎదుటి గోడ మేలు, కింద థర్మోకోల్ షీటు పరచాలి. ఇవన్నీ మొక్కలున్నా లేకున్నా చెయ్యాల్సినవే. మొక్కలకు వ్యతిరేకంగా చెప్పే చాలా కారణాలు తరచి చూస్తే తొట్టికి వ్యతిరేకమైన కారణాలే. తొట్టి అమ్మేటప్పుడు మాత్రం అవి ఎవరికీ గుర్తురావు.

పాచి పట్టడాన్ని మొక్కల మీదకు తోసేస్తారు. పాచికి కావలసింది మితిమీరిన వెలుతురు, మితిమీరిన మేత. తొట్టిని షెడ్డులో పెట్టి, రెండు షిఫ్టులూ ట్యూబ్‌లైటు వెలుగుతుంటే పదహారు గంటల పగలు చూసిన నీళ్లు పచ్చబడకుండా ఎలా ఉంటాయి? 9 వాట్ల మామూలు ఎల్‌ఈడీ బల్బు, రోజుకు ఏడెనిమిది గంటలు, ఆ తర్వాత గుడ్డ కప్పెయ్యడం. నీడ మొక్కలకు ఇంతే కావాలి. నెలకు సుమారు రెండు యూనిట్లు. తొట్టి అందంగా కనబడాలని తెల్లవార్లూ నీలం లైటు వెలిగించే ఇంట్లో దీనికన్నా ఎక్కువే కాలవచ్చు.

చివరికి మిగిలేది షోకు మాట. సాంచాల కూలీకి చేపల తొట్టే ఎక్కువ, దానికి తోడు మొక్కలా అని వెక్కిరించేవాళ్లకు ఖర్చు చూపించాలి. ప్లాస్టిక్ ఆకు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, పాచి పట్టి తోమితే రంగు ఊడుతుంది, పారేసి మళ్లీ కొనాలి. అనూబియాస్ దుంపను ఒక్కో ముక్కకు మూడు నాలుగు ఆకులుండేలా కోస్తే రెండు మొక్కలు. వాలిస్నేరియా పిలకలు వేసుకుంటూ పోతుంది. హైడ్రిల్లా తుంచిన ప్రతి ముక్కా మొక్కే. ఒక ఇంట్లో నిలదొక్కుకుంటే గల్లీ అంతటికీ సరిపోతుంది. ఎక్కువైన నాచును సిద్ధేశ్వర్ చెరువులోకి విసరడం మాత్రం నేరం లాంటిదే, ఫ్లారిడాలో జరిగింది అదే కదా. ఎండబెట్టి కుండీలో ఎరువుగా వెయ్యండి.

ఇలా పంచుకోగల వస్తువును అమ్మి దుకాణం నడపడం కష్టమని ఒప్పుకుంటాను. ప్లాస్టిక్ ఆకు గుణాల గురించి అంత ధీమాగా మాట్లాడేవాళ్లు ఒక్క పని చెయ్యాలి. తమ దుకాణంలో వెనక మూల, ఎండ రానిచోట, ఒక చిన్న తొట్టిలో రాయికి కట్టిన అనూబియాస్, గుప్పెడు హైడ్రిల్లా, ఒక గౌరామి జంట, ఒక్క 9 వాట్ల బల్బు పెట్టి, పక్కనే ప్లాస్టిక్ ఆకుల తొట్టి పెట్టాలి. వారానికోసారి రెండింటి నీళ్లూ సీసాల్లో పట్టి కౌంటరు మీద ఉంచాలి. ఏది కొనాలో వచ్చినవాళ్లు తేల్చుకుంటారు.